ద్వీపవాసి గొంతు ఏ నవలలో?

అమెరికా నల్లజాతీయులు తమకు జరిగిన అన్యాయాన్ని తామే నవలలుగా రాసి దేశం చేత చదివించారు. అండమాన్ ఆదివాసుల కథ మాత్రం 130 ఏళ్లకు పైగా ఇతరుల చేతుల్లోనే ఉంది. ఆ నష్టం పుస్తకాలతో ఆగలేదు.

1890 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి వెలువడే లిపిన్‌కాట్స్ మాసపత్రిక ఒక డిటెక్టివ్ నవలను ఒకే సంచికలో ఆసాంతం ప్రచురించింది. అంతకు ముందు ఏడాది ఆ పత్రిక సంపాదకుడు లండన్ వెళ్లి, హోటల్‌లో విందు ఇచ్చి మరీ రాయించుకున్న నవల అది. రచయిత ఆర్థర్ కానన్ డాయల్. నవల పేరు ద సైన్ ఆఫ్ ఫోర్. షెర్లాక్ హోమ్స్ కనిపించే రెండో నవల. అందులో ఊదుగొట్టంతో విషపు ముల్లు వదిలి ఒక ఆంగ్లేయుణ్ని చంపేది టోంగా అనే అండమాన్ ద్వీపవాసి.

హంతకుడెవరో తేల్చడానికి హోమ్స్ ఒక గెజిటీర్ తిరగేస్తాడు. అండమాన్ ఆదివాసులు నాలుగడుగులైనా లేని కురూపులని, ఓడ పగిలి ఒడ్డుకు చేరినవారిని చంపి తింటారని అందులో ఉంటుంది. చివర్లో థేమ్స్ నది మీద పడవల్లో వేట. హోమ్స్, వాట్సన్ ఒకేసారి పిస్తోళ్లు పేలుస్తారు. టోంగా నీళ్లలో పడిపోతాడు. అతన్ని లండన్‌కు తెచ్చిన ఇంగ్లిష్ ఖైదీకి మాత్రం తన గోడు చెప్పుకోవడానికి సుదీర్ఘమైన అధ్యాయమే దొరుకుతుంది. టోంగా నోటి మాటగా నవలలో ఒక్క వాక్యమూ లేదు.

ఆ వర్ణనలో నిజం పాలు చాలా తక్కువ. అండమాన్ ఆదివాసుల ఆయుధాలు విల్లు, బాణం. ఊదుగొట్టం వారికి తెలియదు. వారు నరమాంస భక్షకులన్న మాట మార్కోపోలో కాలం నుంచీ చలామణిలో ఉంది. కానీ పోర్ట్‌బ్లెయిర్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన బ్రిటిష్ అధికారి ఇ.హెచ్. మాన్ అది నిరాధారమని 1880లలోనే తేల్చారు. ఆయన అధ్యయనం అచ్చయిన తర్వాతే డాయల్ నవల వచ్చింది. అధ్యయనాన్ని పండితులు చదివారు. నవలను లోకమంతా చదివింది.

నవలలో ఇంకో చిన్న వివరం ఉంది. లండన్‌లో పొట్ట గడవడానికి ఆ ఖైదీ టోంగాను తిరునాళ్లలో నరమాంస భక్షకుడిగా ప్రదర్శిస్తాడు. పచ్చి మాంసం తినిపిస్తాడు. యుద్ధ నృత్యం చేయిస్తాడు. టోపీలో చిల్లర పోగేసుకుంటాడు. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అధికారులు కాంగోకు చెందిన ఓటా బెంగా అనే యువకుణ్ని కోతుల బోనులో జనానికి చూపించారు. నల్లజాతి మతాచార్యులు నిరసనకు దిగాక గానీ ఆ ప్రదర్శన ఆగలేదు. పదేళ్ల తర్వాత ఓటా బెంగా ఆత్మహత్య చేసుకున్నాడు. 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టిన వీడియోలో అండమాన్ ట్రంక్ రోడ్డు పక్కన జరవా మహిళల చేత తినుబండారాల ఆశ చూపి నాట్యం చేయించడం కనిపించింది. ఒకటి కల్పన. మిగిలిన రెండూ నిజాలు. మూడింటిలోనూ చూసేవాడు ఒకడే. ఎదుటివాడు తనలాంటి మనిషేనన్న అనుమానం అతనికి రాదు.

ఆ అనుమానం కలిగించడమే అమెరికా నవల గత 170 ఏళ్లుగా చేస్తున్న పెద్ద పని. 1852లో హారియట్ బీచర్ స్టోవ్ రాసిన అంకుల్ టామ్స్ క్యాబిన్ మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. బానిసత్వాన్ని అసహ్యించుకునేలా చేసింది. ఆ ఉద్యమాల వేడి ఇక్కడికీ తాకింది. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి గ్రంథాన్ని నల్లజాతి బానిసలను విముక్తి చేసిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చారు.

అయితే స్టోవ్ తెల్లజాతి మహిళ. ఆమె సృష్టించిన టామ్ సహనమూర్తి. జాలికి అర్హుడు. కోపం తెచ్చుకునే హక్కు అతనికి లేదు. జాలితో రాసిన నవల కూడా మనిషిని సగమే చూస్తుందని నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1949లో ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. ఆయన విమర్శ స్టోవ్‌తో ఆగలేదు. రిచర్డ్ రైట్ 1940లో రాసిన నేటివ్ సన్ కూడా ఆ చట్రం నుంచి బయటపడలేదన్నారు. మూడేళ్లకు రాల్ఫ్ ఎల్లిసన్ ఇన్విజిబుల్ మ్యాన్‌తో వచ్చారు. అందులో నల్లజాతి కథానాయకుడు కళ్లెదుటే ఉన్నా తెల్లవారికి కనపడడు. 1960లో వచ్చిన హార్పర్ లీ నవల టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్‌ను కోట్లమంది చదివారు. అందులోనూ అన్యాయంగా శిక్ష పడ్డ నల్లజాతి కూలీని మనం చూసేది ఓ తెల్లపిల్ల కళ్లతోనే. 1987లో టోనీ మారిసన్ బిలవ్డ్ రాసేనాటికి పరిస్థితి మారింది. బానిస తల్లి మనసులో ఏముందో చెప్పడానికి మధ్యవర్తి అవసరం లేకుండా పోయింది. 1993లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వరసలో తాజా నవల పెర్సివల్ ఎవరెట్ 2024లో రాసిన జేమ్స్. మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ కథలో తెల్లకుర్రాడి వెంట పారిపోయే బానిస జిమ్ గుర్తున్నాడు కదా! అదే కథను ఎవరెట్ జిమ్ నోట చెప్పించారు. ఆ నవలకు 2025లో పులిట్జర్ బహుమతి దక్కింది. ట్వేన్ నవల అమెరికాలో అచ్చయింది 1885లో. అంటే జిమ్‌కు తన కథ తాను చెప్పుకునే అవకాశం రావడానికి దాదాపు 140 ఏళ్లు పట్టింది.

తెలుగు సాహిత్యమూ ఈ దారినే నడిచింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన మాలపల్లి 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దళిత కుటుంబాన్ని కేంద్రంగా చేసుకున్న గొప్ప నవలే అయినా రాసిన చేయి అగ్రవర్ణానిది. 2000లో జి. కల్యాణరావు అంటరాని వసంతంతో దళితుల తరతరాల జ్ఞాపకం లోపలి నుంచి పలికింది. ఈ మధ్యలో అలెక్స్ హేలీ రూట్స్ నవల సహవాసి అనువాదంలో ఏడుతరాలుగా తెలుగువారి ఇళ్లలోకి వచ్చింది. కుంటా కింటే కోసం కంటతడి పెట్టని పాఠకుడు అరుదు.

అదే పాఠకుడి బంధువులు అండమాన్‌లో చాలామందే ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో 3.8 లక్షల మంది ఉండగా, వారిలో సుమారు 13 శాతం మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లినవారే ఎక్కువ. అవే లెక్కల్లో గ్రేట్ అండమానీయులు 44, ఓంగీలు 101, జరవాలు 380. ఎవరినీ దరి చేరనివ్వని సెంటినలీలు 15 మంది అన్నది దూరం నుంచి వేసిన లెక్క. నాలుగు జాతులూ కలిపి 540. వేల ఏళ్లుగా ఆ అడవుల్లో ఉన్నవారి మొత్తం సంఖ్య అది. ఒక తెలుగు వీధిలో ఉండేంత జనం.

ఈ అంకె ఇలా కావడానికి కారణాలు చరిత్రలో ఉన్నాయి. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో బ్రిటిష్‌వారు ఇక్కడ ఖైదీల వలసను నెలకొల్పారు. అప్పట్లో గ్రేట్ అండమానీయులు సుమారు 5,000 మంది అని అంచనా. పది తెగలు, పది భాషలు. అడవి నరికివేత, కాల్పులు, ఆ పైన బయటివారు తెచ్చిన సిఫిలిస్, తట్టు. 1901 నాటికి మిగిలింది 625 మంది. 1961 నాటికి 19 మంది.

ఈ పతనానికి ఆరంభంలోనే ఒక నవలకు చాలినంత కథ ఉంది. తిరుగుబాటు కేసులో శిక్షపడి అండమాన్ చేరిన దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి 1858లో పారిపోయి అడవిలో ఆదివాసుల చేతికి చిక్కాడు. వారు అతన్ని బతకనిచ్చారు. తమలో కలుపుకున్నారు. పిల్లనిచ్చారు. ఏడాది గడిచాక, వలస మీద దాడికి వారు సిద్ధమవుతున్న సంగతి తెలిసి అతను తిరిగి వెళ్లి బ్రిటిష్‌వారికి చెప్పేశాడు. 1859 మే 17న జరిగిన అబర్డీన్ యుద్ధంలో ఆదివాసులు తుపాకులకు ఎదురు వెళ్లి ఓడిపోయారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. సామ్రాజ్యం చేతిలో దెబ్బతిన్నవాడే తనకన్నా బలహీనుణ్ని అదే సామ్రాజ్యానికి అప్పజెప్పాడు. ఈ కథలో మంచివాడెవరు, చెడ్డవాడెవరు అన్నది తేలిగ్గా తేలేది కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ యుద్ధానికి ఒక స్మారకం ఉంది. కానీ అడవిలో మిగిలిపోయిన ఆ భార్య ఏమనుకుందో చెప్పేవారు లేరు.

అండమాన్ గురించి భారతీయులు రాసిన తొలి సాహిత్యం జైలు సాహిత్యం. బారీంద్ర ఘోష్, ఉపేంద్రనాథ్ బందోపాధ్యాయ, సావర్కర్ 1920లలో తమ ప్రవాస జీవితాలను గ్రంథస్థం చేశారు. సెల్యులార్ జైలు దేశానికి తీర్థస్థలమైంది ఆ రచనల వల్లే. తెలుగువారికీ ఆ చరిత్రలో వాటా ఉంది. రంప పితూరీల్లో పట్టుబడ్డ మన్యం ఖైదీలు కొందరు ఈ ద్వీపాలకు వచ్చినవారే. జైలు కథలో ఖైదీ నాయకుడు, జైలరు ప్రతినాయకుడు. ద్వీపవాసి గోడ అవతలి అడవిలో భాగం. చెట్టు, పుట్ట, మొసలి, ఆదివాసి. పారిపోయే ఖైదీకి ఎదురయ్యే ప్రమాదాల జాబితాలో ఒక పేరు.

ఆ తర్వాత వచ్చి స్థిరపడినవారూ సుఖంగా వచ్చినవారు కారు. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి మాప్పిళ్లలను పంపారు. నేరస్థ జాతి అన్న ముద్రవేసి ఉత్తరాది నుంచి భాంతూలను తరలించారు. ఛోటానాగ్‌పూర్ నుంచి ఆదివాసి కూలీలను తెచ్చి అడవి నరికించారు. రాంచీవాలాలు అని పిలిచే వారి వారసులకు సొంత ప్రాంతంలో దక్కిన షెడ్యూల్డ్ తెగ హోదా ఇక్కడ రాలేదు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులకు భూములిచ్చారు. అన్యాయానికి గురైన ఒకరి తర్వాత ఒకరిని తెచ్చి, అంతకన్నా పెద్ద అన్యాయానికి గురైనవారి నేల మీద నిలబెట్టారు. అండమాన్ కథను అమెరికా కథకన్నా చిక్కుముడిగా మార్చింది ఇదే. ఇక్కడ యజమాని ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లంతా ఎవరో ఒకరి బాధితులే.

ఇటీవలి ఇంగ్లిష్ నవలలు ఈ ముడిని విప్పే ప్రయత్నం చేస్తున్నాయి. ద్వీపాలపై ఏళ్ల తరబడి పరిశోధించిన పంకజ్ సేఖ్‌సరియా 2014లో ద లాస్ట్ వేవ్ రాశారు. జరవాల అడవిని, రోడ్డును, 2004 సునామీని కథలోకి తెచ్చారు. ఖైదీల వారసురాలైన ఒక స్థానిక యువతి తన ఊరిని కొత్త కళ్లతో చూడడం అందులో ఉంది. శుభాంగి స్వరూప్ 2018లో లాటిట్యూడ్స్ ఆఫ్ లాంగింగ్‌ను ఈ ద్వీపాల్లోనే మొదలుపెట్టారు. పాకిస్తానీ రచయిత్రి ఉజ్మా అస్లమ్ ఖాన్ 2019లో వచ్చిన నోమీ అలీ నవలలో జపాన్ ఆక్రమణ కాలం నాటి అండమాన్‌ను చిత్రించారు. అంకెల్లో, నివేదికల్లో మిగిలిపోయిన జీవితాలకు వీరు రక్తమాంసాలిచ్చారు. అయినా వీరెవరూ ద్వీపాల ఆదివాసులు కారు. అమెరికా లెక్కలో చెప్పాలంటే అండమాన్ ఇంకా స్టోవ్, హార్పర్ లీల దశలోనే ఉంది.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. అమెరికా నల్లజాతీయులు కోట్లలో ఉన్నారు. బానిసత్వం వారి భాషలను లాక్కుంది కానీ ఇంగ్లిష్‌ను వారు తమ ఆయుధంగా మలచుకున్నారు. అమెరికా మూలవాసులతో పోల్చడం కొంత దగ్గర. యుద్ధాల్లో, రోగాల్లో తుడిచిపెట్టుకుపోగా మిగిలిన జాతుల నుంచే కియోవా తెగకు చెందిన స్కాట్ మొమడే వచ్చారు. హౌస్ మేడ్ ఆఫ్ డాన్ నవలకు 1969లో పులిట్జర్ గెలిచారు. ఆయన వెనుక కథలు చెప్పే పెద్దలున్నారు, వినే పిల్లలున్నారు. 44 మంది మిగిలిన జాతికి ఆ రెండూ కరవే.

ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ 2005 నుంచి గ్రేట్ అండమానీయుల భాషను రికార్డు చేయడం మొదలుపెట్టినప్పుడు ఎదురైన స్థితి ఇదే. పిల్లలు హిందీ మాట్లాడుతున్నారు. తమ భాషలో కథలు తెలిసిన నావో జూనియర్ దశాబ్దాలుగా ఎవరికీ ఒక్క కథా చెప్పలేదు. వినేవారు లేక చాలావరకు మరిచిపోయారు. అబ్బీ ఓపికగా కూర్చోబెట్టుకుని అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే గుర్తుకు తెచ్చుకున్నారు. 2009లో ఆయన కన్నుమూశారు. బో భాష మాట్లాడే చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న, సుమారు 85 ఏళ్ల వయసులో మరణించారు. తన భాష తెలిసిన మరో మనిషి లేకపోవడంతో ఆమె పక్షులతో మాట్లాడేవారని అబ్బీ రాశారు. అది మతిభ్రమణం కాదు. పక్షులు తమ పూర్వీకులన్నది ఆ జాతి నమ్మకం. చేప కడుపులో చిక్కుకున్న మనుషులు పక్షులుగా మారిన కథ వారికి ఉంది. అబ్బీ సేకరించిన పది కథలు, 46 పాటలు 2021లో పుస్తకంగా వచ్చాయి. అండమాన్ ఆదివాసి తన నోటితో చెప్పిన సాహిత్యంలో బయటివారికి అందింది ఎంత తక్కువో అనడానికి ఆ పలచని సంకలనమే సాక్ష్యం.

దీన్ని సాహిత్యానికి సంబంధించిన విచారంగా మాత్రమే చూస్తే పొరపాటు. మాట వినపడనివారి గురించి నిర్ణయాలు ఇతరులే చేస్తారు. జరవాల అడవిని చీల్చుకుంటూ వెళ్లే ట్రంక్ రోడ్డు భాగాన్ని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. కాన్వాయ్‌లు నడుస్తూనే ఉన్నాయి. ఉత్తర, మధ్య అండమాన్‌లో ఉండే సెటిలర్లకు ఆస్పత్రికి వెళ్లాలన్నా, సరుకు రావాలన్నా ఆ దారే దిక్కు అన్న వాదనలో నిజం లేకపోలేదు. సముద్ర మార్గాన్ని మెరుగుపరిస్తే రోడ్డు అవసరం తగ్గుతుందన్న ప్రతివాదనా ఉంది. రెండు పక్షాలూ జరవాల తరఫున మాట్లాడతాయి. 2012 వీడియో తర్వాత ఆంక్షలు బిగిశాయి. అయినా అద్దాల వెనుక కూర్చున్న పర్యాటకుడి కళ్లు మారాయా అన్నది ఏ ఉత్తర్వూ తేల్చలేదు. ఎల్లిసన్ నాయకుడి బాధ ఎవరూ తనను చూడకపోవడం. జరవాల బాధ దానికి తలకిందులు. అందరూ చూడడానికే వస్తారు.

గ్రేట్ నికోబార్‌లో తేడా ఇంకా స్పష్టం. రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే భారీ ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. మొదట సమ్మతి తెలిపిన గ్రేట్, లిటిల్ నికోబార్ గిరిజన మండలి అదే ఏడాది నవంబరులో లేఖ రాసి ఆ సమ్మతిని వెనక్కి తీసుకుంది. నికోబారీలు చదువుకున్నారు. లేఖ రాయగలిగారు. అదే అడవిలో ఉండే షోంపెన్‌లు 2011 లెక్కల్లో 229 మంది. లేఖ రాసే దారి వారికి లేదు. వారి అభిప్రాయం ఎక్కడైనా నమోదైతే అది మరొకరి వాక్యంగానే నమోదవుతుంది.

అలాగని జరవాను, షోంపెన్‌ను రేపే బడికి పంపి నవల రాయించాలని కాదు. రాయాలా, మాట్లాడాలా, దూరంగా ఉండాలా అన్నది వారు తేల్చుకోవాల్సిన విషయం. సునామీ వచ్చిన కొద్ది రోజులకు, బతికి ఉన్నారో లేదో చూడడానికి వెళ్లిన కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ మీదికి ఒక సెంటినలీ విల్లు ఎక్కుపెట్టాడు. ఆ ఫోటో ప్రపంచమంతా అచ్చయింది. 2018 నవంబరులో ఆ ద్వీపంలో అడుగుపెట్టిన అమెరికన్ మతప్రచారకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ ఫోటోను, ఈ మరణాన్ని డాయల్ గెజిటీర్ భాషలో చదివితే ఆటవికుల క్రూరత్వం కనిపిస్తుంది. ఒకప్పటి 5,000 మంది పక్క ద్వీపాల్లో 19 మందికి పడిపోయిన చరిత్ర తెలిసి చదివితే, తలుపు వేసుకున్న ఒక ఇల్లు కనిపిస్తుంది. అమెరికా నవల తన పాఠకుడికి నేర్పింది ఆ రెండో చదువే. టామ్‌ను చూసి జాలిపడ్డ దేశం, జిమ్ నోట అతని కథ వినడానికి ఒకటిన్నర శతాబ్దం తీసుకుంది. నావో జూనియర్ కథ చెప్పడం మానేసింది కథలు లేక కాదు, ఎదురుగా కూర్చుని వినేవారు లేక. మిగిలిన 540 మంది విషయంలో మనకు అంత వ్యవధి లేదు.